అన్ని రోజులూ ఒకటి కావు



మీ ఇంటి గోడమీది క్యాలెండరు ఒకసారి చూడండి. ఆదివారాలూ, పండుగలూ ఎర్ర అంకెల్లో ఉంటాయి, మిగతావి నల్లగా. దాన్ని ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు. బడికి పోయే పిల్లవాడు కూడా ఎర్ర అంకె ఎప్పుడొస్తుందా అని వేలు పెట్టి లెక్కపెడతాడు.

మా సెంటినరీ కాలనీ ఇళ్ళల్లో ఆ క్యాలెండరు మీద ఇంకో రాత కూడా ఉంటుంది. ఈ వారం ఫస్టు షిఫ్టు, పై వారం నైటు షిఫ్టు, ఇప్పటికి ఇన్ని మస్టర్లు పడ్డాయి అని. 1952 నాటి గనుల చట్టం ప్రకారం ఏడాదిలో భూగర్భంలో పనిచేసేవారికి 190 హాజర్లు, పైన పనిచేసేవారికి 240 హాజర్లు నిండాల్సి ఉండేది. అప్పుడే జీతంతో సెలవుకు ఏడాది పూర్తయినట్టు లెక్కపెట్టేవారు. అంటే ఏ రోజు ఎలాంటిదో గుర్తుపెట్టడం మనకు కొత్తేమీ కాదు. కాని అమ్మకాల లెక్క దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి మరిచిపోతాం. దానివల్ల ఎంత పని జరుగుతుందో చెబుతాను, వినండి.

మా వీధిలో ఇద్దరు తోడికోడళ్ళు చపాతీలు, కూర చేసి అమ్ముతారు. డ్యూటీకి పోయేవాళ్ళు పొట్లం కట్టించుకుని పోతారు. మామూలు రోజుల్లో పెద్దామె కూర్చుంటుంది, ఆదివారాలూ పండుగలూ చిన్నామె. తొమ్మిదో తరగతి చదివే పెద్దామె కూతురు గ్రాఫు కాగితం మీద రోజుకొక నిలువు పట్టీ గీసింది. అన్నీ ఒకే నీలం రంగు. చూస్తే వారానికొక గుంట! ఆ గుంటలన్నీ చిన్నామె కూర్చున్న రోజులే. పెద్దామె రోజున 120 చపాతీలు పోతే, చిన్నామె రోజున 50. ఇంక చెప్పాలా? ఇంట్లో “చేతివాటం” అన్న మాట కూడా వచ్చింది. “అక్కా, నేనొక్క రూపాయి ముట్టలేదు. ఇగ నేను కూసోను” అని చిన్నామె నా దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంది.

ఆ కాగితం, అమ్మాయి రంగు పెన్సిళ్ళు తెప్పించాను. అమ్మకాలు పక్కన పెట్టి, ముందు క్యాలెండరు చూసి రోజులను విడదీశాం. డ్యూటీ రోజులకు బూడిద రంగు, ప్లేడే అంటే ఆదివారం సెలవుకు ఎరుపు, పండుగలకు పసుపు, జీతాలు పడ్డ తర్వాత మూడు రోజులకు నీలం. చిన్నామె కూర్చున్న పట్టీ కింద ఒక చుక్క.

పెద్దామె పుట్టింటికి పోయిన ఒక వారం చిన్నామే రోజూ కూర్చుంది. చుక్క ఉన్న ఆ బూడిద పట్టీలు మిగతా బూడిద పట్టీలంత ఎత్తుగానే ఉన్నాయి! చిన్నామెకు జ్వరం వచ్చిన రెండు ఆదివారాలు పెద్దామె కూర్చుంది. ఆ ఎర్ర పట్టీలు మాత్రం పొట్టివే. తప్పు మనిషిది కాదు, రోజుది. డ్యూటీ లేనివాడికి పొట్లం ఎందుకు? ఆదివారం ఇంట్లోనే కూర ఉడుకుతుంది కదా!

పట్టీల చార్టు మొన్నటిదేమీ కాదు. విలియం ప్లేఫేర్ అనే ఆయన 1786లో లండనులో అచ్చువేసిన వర్తక పుస్తకంలో స్కాట్లండు ఎగుమతి దిగుమతులను పట్టీలుగా గీశాడు. ఆ పుస్తకంలోని చార్టులకు చేత్తో రంగులు వేయించాడు. మనకు అంత శ్రమ లేదు. నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే చాలు.

మొదటిది, రంగు క్యాలెండరును బట్టి వేయాలి. అమ్మకం చూసి “ఇది చెడ్డ రోజు” అని ఎరుపు పూస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

రెండోది, మూడు నాలుగు రంగులు మించకూడదు. మామూలు రోజులకు మందకొడి రంగు, ప్రత్యేకమైన వాటికే మెరిసే రంగు. అన్నీ మెరిస్తే హోలీ అవుతుంది కాని లెక్క కాదు. ఏ రంగు దేనికో మూలన రాసి, నెలనెలా అదే వాడండి.

మూడోది, ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారు కొందరుంటారు, ముఖ్యంగా మగవాళ్ళలో. జిరాక్సు తీస్తే రంగే పోతుంది. అందుకని పట్టీ కింద “డ్యూ”, “ఆ”, “పం” అని ఒక అక్షరం కూడా వేయండి. కంప్యూటరులో గీస్తే ఒక్కో రకం రోజుకు ఒక్కో నిలువు వరుస పెట్టి, ఆ రకం కాని రోజున గడి ఖాళీగా వదిలేయండి. అప్పుడు ఒక్కో వరుసకు ఒక్కో రంగు వస్తుంది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఎరుపును ఎరుపుతోనే పోల్చాలి. దసరా 2024లో అక్టోబరు 12న వచ్చింది, 2025లో అక్టోబరు 2న. తేదీకి తేదీ పోల్చితే పండుగను మామూలు రోజుతో పోల్చినట్టే. మేడారం జాతర రెండేళ్ళకోసారి కదా, దానికి నిరుడు జోడీయే దొరకదు. రెండేళ్ళ కిందటి కాగితం తీయాల్సిందే.

ఇప్పుడా ఇంట్లో ఆదివారం పిండి సగమే తడుపుతున్నారు, మిగిలిపోవడం లేదు. ఆ చార్టు చూసిన రాత్రి పెద్దామె చాలాసేపు మాట్లాడలేదట. చివరికి, “రేపు సోమవారం నువ్వే కూసో చెల్లె, నేను వంట చూసుకుంటా” అన్నదట.

మీరూ ఎవరినైనా తప్పుపట్టే ముందు ఒకసారి క్యాలెండరు దించి చూడండి. సెలవు.