చేవ్రాలునకు ముందు

ధాన్యము కొనునపుడు గుప్పెడు గింజలు చేతబట్టి చూచెదము. చీర కొనునపుడు మడత విప్పి వెలుతురున బరికించెదము. ఇంత మెలకువగల గృహిణులము కాగితముపై వ్రాలు చేయవలసి వచ్చినపుడు మాత్రము “ఎచ్చట?” నని యడిగి, చూపినచోట వ్రాసి లేచిపోవుచున్నాము. చీర చెడినచో నొక చీరయే పోవును. కాగితము చెడినచో పొలమే పోవచ్చును.

కోసిగి, ఆదోని, యెమ్మిగనూరు ప్రాంతముల సోదరీమణుల కీ మాట దూరపుది కాదు. ఆదోని ప్రత్తి వ్యాపారమునకు బేరొందిన పట్టణము. ఈ పడమటి కర్నూలు పల్లెలలో సంకరజాతి ప్రత్తివిత్తనములు పండించు కుటుంబములు కలవు. సాయంకాలము మొగ్గలలోని కేసరములను తీసివేసి, మరునాటి యుదయమున పూవు పూవునకు చేతితో పుప్పొడి యద్దు పని యధికముగా స్త్రీలదే. కాని యొడంబడిక కుదురుచోట స్త్రీ కానరాదు; లేదా వ్రాలు కొఱకు మాత్రమే పిలువబడును.

విత్తనముల కంపెనీ సాధారణముగా రైతుతో నేరుగా ఒడంబడిక చేసికొనదు. నడుమ ఆర్గనైజరు ఒకడుండును. కంపెనీ యాతనితో నొక యొడంబడిక, ఆతడు రైతుతో వేఱొకటి చేసికొందురు. రెండవది పెక్కుచోట్ల నోటిమాటయే. పెట్టుబడికి అడ్వాన్సు నిత్తురు. పంట యంతయు తమకే యీయవలెనందురు. విత్తనము మొలక పరీక్షలో గాని, జాతిశుద్ధి పరీక్షలో గాని నెగ్గనిచో తిరస్కరింతురు. అప్పుడు శ్రమయు రైతుదే, అడ్వాన్సుపై వడ్డీయు రైతుదే.

“ఆ దినమున వారట్లు చెప్పలేదు” అని తరువాత నన్నచో నేమగును? షరతులను కాగితమున నెక్కించి వ్రాలు చేసినపిమ్మట, దానికి విరుద్ధమైన నోటిమాటను న్యాయస్థానము సామాన్యముగా అంగీకరింపదు. 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టము అట్లే చెప్పెను. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య చట్టమును అట్లే చెప్పుచున్నది. మోసము, నిర్బంధము మొదలగునవి ఋజువు చేయగలిగిన మాట వేఱు.

వ్రాలునకు గల బలము నెఱుగుటకు వేల్సు దేశపు వ్యాజ్య మొకటి చాలును. లాండుడ్నో పట్టణమున కాఫీశాల నడుపుచున్న లెస్ట్రేంజి యను స్త్రీ సిగరెట్ల నమ్ము యంత్ర మొకటి కొనెను. కొద్దిదినములకే యది చెడిపోయెను. ఆమె న్యాయస్థానమున కెక్కగా, వ్రాలు చేసిన కాగితమున సన్నని యక్షరములతో నున్న షరతు అమ్మినవారి బాధ్యతను తొలగించుచున్నదని తేలెను. ఆమె దానిని చదువలేదు. అయినను 1934లో అప్పీలును విచారించిన న్యాయస్థానము, మోసము లేనిచో, చదివినను చదువకున్నను వ్రాలు చేసినవారు బద్ధులే యని తీర్పు చెప్పెను. మన దేశమున ఘోషాస్త్రీలకు, చదువురాని స్త్రీలకు పత్రమును విప్పిచెప్పిరని ఎదుటివారే నిరూపింపవలెనను రక్షణ కలదు. చదువుకొన్న సోదరి యా రక్షణను నమ్ముకొనరాదు. చదువు వచ్చినందున చదివియే వ్రాసినదని తలంతురు.

ఇంక ఖాళీ కాగితము సంగతి. స్టాంపు అంటించిన ఖాళీ ప్రాంసరీ నోటుపై వ్రాలు చేసి యిచ్చినచో, ఆ స్టాంపు చెల్లునంత మొత్తమునకు దానిని పూరించుకొను అధికారమును మనమే యిచ్చినట్లని 1881 నాటి చట్టము చెప్పుచున్నది. జామీను వ్రాలును స్వల్పముగా నెంచరాదు. వేఱు షరతు లేనిచో, అప్పు తీసికొన్నవాని బాధ్యత యెంతయో జామీనుదారు బాధ్యతయు నంతయే.

కావున వ్రాలునకు ముందు పత్రమును న్యాయవాదికి చూపవలెను. ఎదుటిపక్షపు వకీలు మన వకీలు కాడు. న్యాయవాది చూచు సంగతు లివి: బాధ్యత వహించునది కంపెనీయా, ఆర్గనైజరా? నమూనా మన యెదుట తీయుదురా? పరీక్షాఫలము నెన్ని దినములలో తెలుపుదురు? తిరస్కరించిన సరుకు ఎవరిది? పంట పోయినచో అడ్వాన్సు మాట యేమి? సొమ్ము ఏనాటికి చేతికందును? తగవు వచ్చినచో ఆదోనిలో విచారణయా, దూరనగరమునకు పోవలెనా? జరిమానా యెంత వ్రాసిరి? ఎంత వ్రాసినను న్యాయస్థానము అంతకు మించకుండ సమంజసమైన పరిహారమునే యిప్పించునని కంట్రాక్టు చట్టపు 74వ సెక్షను చెప్పుచున్నది. అయినను వ్యాజ్యమున కెక్కుటకంటె ముందే దిద్దుట మేలు.

“వకీలునకు ఫీజెక్కడిది?” అందురేమో. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టపు 12వ సెక్షను ననుసరించి, స్త్రీ యైనచో చాలును, ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయమునకు అర్హురాలు. వ్యాజ్యమున కొఱకే కాదు, సలహా కొఱకును పోవచ్చును. కర్నూలు జిల్లా న్యాయసేవాధికార సంస్థ నాశ్రయింపవచ్చును; 15100 అను నంబరునకు ఫోను చేయవచ్చును.

“పత్రము చూపించెదనన్నచో వారు నొచ్చుకొందురు” అని సంకోచింపకుడు. సరియైన పత్రమైనచో రెండుదినము లాగుటవలన వారికి నష్టము లేదు. ఆగలేమని తొందరపెట్టుటయే చదువవలెననుటకు గుఱుతు. ప్రతి యొకటి మన యింట నుండవలెను. పెట్టెలో నగలతోపాటు దానికిని చోటీయుడు.