బయోటెక్‌ డిగ్రీ: పీణ్య వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

ఇంటర్‌ ఫలితాలొచ్చి, నీట్‌ ర్యాంకు తేలిపోయాక అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు బైపీసీ పిల్లలున్న ఇళ్లలో బెంగళూరు మాట వినిపిస్తుంది. ‘అక్కడ బయోటెక్‌లో సీటుంది, ఈరోజే బ్లాక్‌ చేసుకోండి’ అని కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటారు. అలా వచ్చిన వాళ్లలో కొందరు నగరంలోని పీణ్య వైపు చేరతారు. పీణ్య పారిశ్రామిక వాడలోనే రామయ్య యూనివర్సిటీ ఆఫ్‌ అప్లైడ్‌ సైన్సెస్‌ వారి టెక్నాలజీ క్యాంపస్‌ ఉంది. దగ్గర్లోని సోలదేవనహళ్లిలో ఆచార్య విద్యాసంస్థలున్నాయి. కొన్ని మెట్రో స్టేషన్లు దాటితే ఇండియన్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ సైన్స్‌ పరిసరాలకు చేరుకోవచ్చు. చుట్టూ ఇన్ని కాలేజీలు, ఇన్ని ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా, చదువు పూర్తవగానే పని దొరక్కపోతుందా అనిపించడం సహజం. ఆ నమ్మకంలో ఎంత నిజముందో, ఎంత లేదో చూద్దాం.

అపోహ 1: నీట్‌ పోయినా బయోటెక్‌ ఉంది, అదీ దాదాపు డాక్టర్‌ చదువే.

వాస్తవం: కాదు. బయోటెక్‌ పట్టా ఉన్నవాళ్లు రోగిని పరీక్షించడానికి గానీ మందు రాయడానికి గానీ వీల్లేదు. ఆస్పత్రి ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసే ఉద్యోగాలకు కూడా మెడికల్‌ ల్యాబ్‌ టెక్నాలజీ కోర్సులు విడిగా ఉన్నాయి. జీవకణాలను, వాటిలోని ఎంజైములను, సూక్ష్మజీవులను వాడి మందులు, టీకాలు, విత్తనాలు, పరీక్షా కిట్లు తయారుచేసే విద్య బయోటెక్నాలజీ. మనుషులకు వైద్యం చేయాలన్న కోరిక బలంగా ఉన్న పిల్లల్ని ఇందులో చేర్పిస్తే రెండో సెమిస్టర్‌కే నీరుగారిపోతారు.

అపోహ 2: బైపీసీ వాళ్లకు ఎక్కడైనా ఇంజినీరింగ్‌లో బయోటెక్‌ ఇస్తారు.

వాస్తవం: మన వాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. తెలుగు రాష్ట్రాల్లో ఈఏపీసెట్‌ అగ్రికల్చర్‌, ఫార్మసీ విభాగం రాసిన బైపీసీ విద్యార్థులకు బీటెక్‌ బయోటెక్నాలజీ సీట్లు ఉంటాయి. అదే పద్ధతి బెంగళూరులోనూ ఉంటుందనుకోవడం పొరపాటు. కర్ణాటక సీఈటీ ద్వారా బీఈలో చేరాలంటే పీయూసీలో గానీ ఇంటర్‌లో గానీ ఫిజిక్స్‌తో పాటు మ్యాథ్స్‌ చదివి ఉండాలి. బయోటెక్‌ శాఖకూ ఇదే నియమం. మ్యాథ్స్‌ చదవని బైపీసీ వాళ్లకు అక్కడ దొరికేది బీఎస్సీ. ప్రైవేటు యూనివర్సిటీల్లో కోర్సును బట్టి అర్హతలు మారతాయి. కాబట్టి ఏజెంటు నోటిమాట పక్కనపెట్టి, ఆ ఏడాది విడుదలైన ప్రాస్పెక్టస్‌లో అర్హత పేరా స్వయంగా చదువుకోవాలి.

అపోహ 3: బీఎస్సీ అయినా బీటెక్‌ అయినా పేరులో బయోటెక్‌ ఉంటే చాలు.

వాస్తవం: రెండూ వేర్వేరు దారులు. బీటెక్‌ లేదా బీఈ నాలుగేళ్లు. సూక్ష్మజీవిని ఫ్లాస్కులో పెంచడంతో ఆగకుండా, వేల లీటర్ల ట్యాంకులో పెంచాలంటే వేడి ఎలా తీయాలి, గాలి ఎలా పంపాలి, చివరికి మందును ఎలా వేరుచేయాలి అన్న ఇంజినీరింగ్‌ ఇందులో ఉంటుంది. బీఎస్సీలో బయోటెక్‌తో పాటు మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్‌, కెమిస్ట్రీ వంటివి కలిపి చదువుతారు. కర్ణాటక 2021లో నాలుగేళ్ల డిగ్రీ తెచ్చి, 2024–25 నుంచి మళ్లీ మూడేళ్లకు మార్చింది. సీనియర్లు చెప్పిన లెక్క నేటి విద్యార్థికి వర్తించకపోవచ్చు.

అపోహ 4: లెక్కలంటే భయమా? అయితే బయోటెకే సరైంది.

వాస్తవం: లెక్కలు తప్పించుకోవడానికి బయోటెక్‌లో చేరితే అవి ల్యాబ్‌లోనే ఎదురవుతాయి. ఈ–కొలై బ్యాక్టీరియాకు అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అలా ఆగకుండా సాగితే పది గంటల్లో ఒక్క కణం ముప్పై సార్లు రెట్టింపై 107 కోట్లు దాటుతుంది. ట్యాంకులో ఎప్పుడు మేత వేయాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది ఈ లెక్కే. ద్రావణం పలుచన చేయడం దగ్గర్నుంచి ఫలితం నిజమా, కాకతాళీయమా అని తేల్చే గణాంకశాస్త్రం దాకా రోజూ అంకెలతోనే పని. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్‌ బయోటెక్నాలజీ పేపర్లో ఇంటర్‌ స్థాయి మ్యాథ్స్‌, ఫిజిక్స్‌ ఉంటాయి. గేట్‌లోనూ ఇంజినీరింగ్‌ మ్యాథ్స్‌ తప్పదు. బైపీసీ వాళ్లు భయపడక్కర్లేదు గానీ, మొదటి ఏడాదే కూర్చుని నేర్చుకోవాలి.

అపోహ 5: బయోటెక్‌ అంటే జన్యువులు మార్చడమే.

వాస్తవం: జన్యు మార్పిడి ఇందులో ఒక భాగం మాత్రమే. మనిషి ఇన్సులిన్‌ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారుచేసిన ఇన్సులిన్‌ 1982లో అనుమతి పొందింది. మన పొలాల్లోకి బీటీ పత్తి 2002లో వచ్చింది. ఇవి ఆ కోవలోవి. కానీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహిస్తుండగా వెలువడిన ఆరియోమైసిన్‌ అనే యాంటీబయోటిక్‌, మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. 1948లో అది బయటికొచ్చేనాటికి జన్యువులు కత్తిరించి అతికించే విద్యే పుట్టలేదు.

పీణ్యలోనే ఇంకో ఉదాహరణ ఉంది. ఇక్కడ ఎలక్ట్రోప్లేటింగ్‌ షాపులు చాలా ఉన్నాయి. ఈ ప్రాంత భూగర్భ జలాల్లో విషపూరితమైన హెక్సావాలెంట్‌ క్రోమియం చేరినట్టు పరిశోధనల్లో తేలింది. కొన్ని రకాల బ్యాక్టీరియా ఆ క్రోమియాన్ని అంత హానికరం కాని ట్రైవాలెంట్‌ రూపంలోకి మార్చగలవు. అలాంటి వాటిని వెతకడం, పెంచడం, మురుగునీటిలో పనిచేస్తాయో లేదో చూడటం కూడా బయోటెక్నాలజీయే. ప్రాజెక్టు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, సమస్య కాలేజీ గేటు బయటే ఉంది.

అపోహ 6: పట్టా చేతికి రాగానే పరిశోధక ఉద్యోగం... లేదంటే అసలు ఉద్యోగాలే లేవు.

వాస్తవం: మొదటి మాట కాలేజీ కరపత్రం చెప్పేది, రెండోది నిరాశపడిన సీనియర్‌ చెప్పేది. రెండూ తప్పే. కొత్త మందు కనిపెట్టే విభాగంలోకి వెళ్లాలంటే సాధారణంగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కావాలి. డిగ్రీతో దొరికే పని ఎక్కువగా ఉత్పత్తి, నాణ్యత పరీక్ష, రికార్డుల విభాగాల్లో ఉంటుంది.

ఆ పని ఎలా ఉంటుందో చూద్దాం. పీణ్య రెండో దశలో కర్ణాటక యాంటీబయోటిక్స్‌ అండ్‌ ఫార్మాస్యూటికల్స్‌ ఉంది. 1981లో ఏర్పడిన ఈ ప్రభుత్వ రంగ సంస్థ ఇంజెక్షన్లు, మాత్రలు, క్యాప్సూళ్లు తయారుచేస్తుంది. ఇంజెక్షన్లు తయారుచేసే ఏ ఫ్యాక్టరీలోనైనా బ్యాచ్‌ బయటికి వెళ్లాలంటే అందులో ఒక్క సూక్ష్మజీవీ లేదని తేలాలి. నమూనా మందును సన్నటి పొర గుండా వడకడతారు. ఆ పొరను రెండు రకాల పోషక ద్రవాల్లో వేస్తారు. ఒకదాన్ని 30–35 డిగ్రీల దగ్గర, ఇంకోదాన్ని 20–25 డిగ్రీల దగ్గర పద్నాలుగు రోజులు ఉంచుతారు. మధ్యమధ్యలో సీసాను వెలుతురుకు పట్టి చూస్తారు. ద్రవం మసకబారిందంటే బ్యాచ్‌ ఆగినట్టే, విచారణ మొదలైనట్టే. రికార్డులో అంకె తప్పు పడితే వైట్‌నర్‌ పూయకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి, సంతకం, తేదీ పెట్టాలి. చేతి శుభ్రత, ఓపిక, రాతలో నిజాయితీ... ఇవే ఆ ఉద్యోగానికి అసలు అర్హతలు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌ స్నేహితుడి జీతంతో పోల్చుకునేలా ఉండకపోవచ్చు. అది ముందే తెలిసి రావడం మంచిది.

ప్రభుత్వ కొలువుల విషయానికొస్తే, ఫుడ్‌ సేఫ్టీ ఆఫీసర్‌ పోస్టుకు నిబంధనల్లో పేర్కొన్న డిగ్రీల్లో బయోటెక్నాలజీ ఉంది. ఏ డిగ్రీ అయినా చాలనే గ్రూప్స్‌, బ్యాంకు పరీక్షలు ఎలాగూ ఉన్నాయి. మరోపక్క, కర్ణాటక ప్రభుత్వం బయోటెక్‌ పట్టభద్రుల కోసం ఫినిషింగ్‌ స్కూళ్లు పెట్టింది. బయోకాన్‌ కూడా సొంతంగా అకాడమీ నడుపుతోంది. కాలేజీ చదువుకూ ఫ్యాక్టరీ పనికీ మధ్య దూరముందని ప్రభుత్వానికీ పరిశ్రమకూ తెలుసనడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

అపోహ 7: ఈ రంగంలో ఎదగాలంటే డిగ్రీలోనే బయోటెక్‌ చదివి ఉండాలి.

వాస్తవం: 1978లో బెంగళూరులో బయోకాన్‌ మొదలుపెట్టిన కిరణ్‌ మజుందార్‌ షా చదివింది జువాలజీ, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో బీరు తయారీ. 1997లో దేశంలో తొలి రీకాంబినెంట్‌ హెపటైటిస్‌–బి టీకా తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్‌ స్థాపకుడు వరప్రసాద్‌ రెడ్డి ఎలక్ట్రానిక్స్‌ ఇంజినీరు. భారత్‌ బయోటెక్‌ స్థాపించిన కృష్ణ ఎల్ల వ్యవసాయ శాస్త్రం నుంచి వచ్చారు. బీఎస్సీలో కెమిస్ట్రీ గానీ మైక్రోబయాలజీ గానీ గట్టిగా చదివి, పీజీలో బయోటెక్‌కు వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మంచి కాలేజీలో బయోకెమిస్ట్రీ, పరికరాల్లేని కాలేజీలో బయోటెక్‌ దొరికితే మొదటిదే మేలు.

అపోహ 8: పీజీ, పీహెచ్‌డీ డబ్బున్న వాళ్లకే.

వాస్తవం: కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే ఎమ్మెస్సీ, ఎంటెక్‌ కోర్సులకు గ్యాట్‌–బి పరీక్షతో ప్రవేశాలు జరుగుతాయి. చేరినవాళ్లకు నెలనెలా స్టైపెండ్‌ వస్తుంది. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్‌ జేఆర్‌ఎఫ్‌ సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌ ఇస్తున్నారు. ఇక్కడ కావాల్సింది డబ్బు కన్నా ఎక్కువగా ఓర్పు. డిగ్రీతో కలిపి పదేళ్ల దాకా చదువు సాగుతుందన్న సంగతి ఇంట్లో అందరికీ ముందే తెలియాలి.

మొత్తమ్మీద బయోటెక్‌ చదువు చెడ్డదీ కాదు, మంత్రదండమూ కాదు. పట్టా మీది పేరు కంటే ఆ మూడు నాలుగేళ్లలో విద్యార్థి తన చేతులతో ఏం చేశాడన్నదే లెక్కకొస్తుంది. అందుకే కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు భవనాలు కాదు, ల్యాబ్‌ చూడాలి. వారానికి ప్రాక్టికల్స్‌ ఎన్ని గంటలు? డీఎన్‌ఏ నకళ్లు తీసే పీసీఆర్‌ మెషీన్‌ పిల్లలు ముట్టుకుంటారా, దూరం నుంచి చూస్తారా? చివరి ఏడాది ప్రాజెక్టు సొంతంగా చేస్తారా, బయట కొనుక్కుంటారా? వీటికి జవాబు ఆఫీసులో దొరకదు, క్యాంటీన్‌లో దొరుకుతుంది. సీటు బ్లాక్‌ చేయడం ఒక్కరోజు ఆలస్యమైతే కొంప మునిగిపోదు. చివరి ఏడాది పిల్లలతో ఓ గంట మాట్లాడనిదే మాత్రం ఫీజు కట్టకండి.