కథలు చెప్పు బొంతలు

మానవుడు తాను చూచినదానిని, అనుభవించినదానిని తన తరువాతివారికి తెలుపవలెనని ఎల్లప్పుడును కోరుచుండెను. అందులకై అతడు రాతిపై చెక్కెను. తాటియాకుపై గంటముతో వ్రాసెను. పిదప కాగితముపై అచ్చువేసెను. విశాఖపట్టణమున ద్వారకా నగర్ నందు పౌర గ్రంథాలయ మొకటి కలదు. అట్టి గ్రంథాలయములలో రాజుల చరిత్రలును, కవుల కావ్యములును, శాస్త్రజ్ఞుల గ్రంథములును బీరువాలలో వరుసదీరి యుండును. కాని పుస్తకము వ్రాయుటకు అక్షరము రావలెను. మన దేశమున చిరకాలము స్త్రీలలో పెక్కుమందికి చదువుకొను అవకాశము లేకపోయెను. 1951వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి నూరుమంది స్త్రీలలో సుమారు 9 మంది మాత్రమే అక్షరాస్యులు. మిగిలినవారి సుఖదుఃఖములు ఏ పుస్తకమున దొరకును? వారు వ్రాయలేదు, కాని కుట్టిరి. సూదియే వారికి గంటమయ్యెను, పాతబట్టయే కాగితమయ్యెను.

తెలుగునాట బొంత నెరుగని ఇల్లు పూర్వము లేదనవచ్చును. సంస్కృతమున దీనికి కంథ యని పేరు. కట్టి కట్టి మెత్తబడిన నూలుచీరలను, పంచెలను పారవేయక, ఉతికి ఆరవేసి దాచియుంచుదురు. పనులు తగ్గిన వేసవి మధ్యాహ్నములందు వసారాలో చాప పరచి, దానిపై వెడల్పైన చీర నొకదానిని ముడతలు లేకుండ పరతురు. దానిమీద చిరిగిన బట్టలను రెండు మూడు పొరలుగా పేర్చుదురు. అన్నిటికిని పైన కొంచెము గట్టిగానున్న బట్టను కప్పి, అంచులను లోనికి మడిచి, పొరలు జరుగకుండ అక్కడక్కడ పెద్ద కుట్లు వేయుదురు. పిమ్మట అత్తయు, కోడండ్రును, ఇరుగుపొరుగు స్త్రీలును చుట్టును కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క వైపునుండి కుట్టుచు వత్తురు. సూది పైనుండి క్రిందికిని, క్రిందినుండి పైకిని పోవుచు ముందునకు సాగును. కుట్లన్నిటిలో ఇదియే మిక్కిలి సులభమైనది. నేర్చుకొనుటకు ఒక పూట చాలును. కాని ఒక బొంత నిండుటకు అట్టి కుట్లు వేలకొలది కావలెను.

ఇంత శ్రమ వ్యర్థము కాదు. బట్టల పొరల నడుమ గాలి చిక్కుకొనియుండును. నిలిచియున్న గాలి వేడిని త్వరగా పోనీయదు. కావున బొంత కప్పుకొన్నవాని ఒంటి వేడి ఒంటినే అంటిపెట్టుకొని యుండును. దగ్గరదగ్గరగా వేసిన కుట్లు పొరలను ఒక్కటిగా పట్టియుంచును. ఒకచోట చిరిగినను ఆ చిరుగు కుట్టు దాటి పోజాలదు. ఒంటరిగా ఏ బట్ట ముక్కయు ఒక నెల నిలువదు. అన్నియు కలసినచో ఏండ్ల తరబడి నిలుచును. ‘గంతకు తగిన బొంత’ యను సామెత పుట్టుటను బట్టియే బొంత తెలుగువారి జీవితమున ఎంతగా కలసిపోయినదో గ్రహింపవచ్చును.

అయితే బొంత చలిని ఆపు వస్తువు మాత్రమే కాదు. దానిలోని ప్రతి ముక్కకు ఒక పుట్టుక కలదు. “ఈ ఎఱ్ఱని ముక్క మీ అమ్మ పెండ్లిచీర లోనిది, ఈ నీలపు గళ్ళది మీ తాతగారి లుంగీ, ఈ పసుపుపచ్చనిది నీవు పుట్టినప్పుడు నిన్ను చుట్టిన గుడ్డ” యని అమ్మమ్మ వ్రేలితో చూపి చెప్పుచుండగా, పిల్లలకు ఆ బొంత ఒక వంశచరిత్రయే యగును. కాని ఇందొక లోపము కలదు. ఆ కథ బట్టమీద లేదు, అమ్మమ్మ నోటియందున్నది. అమ్మమ్మ పోయిన పిమ్మట బొంత మిగులును గాని కథ మిగులదు. దానిని కుట్టినవారి పేరైనను ఎవరికిని తెలియదు.

బట్టపై కథ చెప్పుట తెలుగువారికి క్రొత్త కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు నూలుబట్టను కరక్కాయ కషాయమును పాలును కలిపిన ద్రవమున తడిపి, ఇనుపతుప్పును బెల్లమును నానవేసి తీసిన నల్లరంగుతో, వెదురు కలముతో రామాయణ భారత ఘట్టములను చిత్రింతురు. బొమ్మల ప్రక్కన తెలుగు అక్షరములతో కథను వ్రాయుటయు కలదు. తెలంగాణమున చేర్యాల చిత్రకారులు పొడవైన పటములపై కథలను వరుసగా చిత్రింపగా, కథకులు ఆ పటమును కొంచెము కొంచెముగా విప్పుచు పాడి వినిపించుచుండిరి. అయితే ఆ పటములపై నుండునవి దేవతల కథలు, వీరుల కథలు, కులపురాణములు. వంటయింటిలోని స్త్రీ తన దినమును, తన దుఃఖమును తానే చిత్రించుకొనుటకు అందు తావు లేకుండెను. ఆ పని బొంతకు దక్కెను.

విశాఖపట్టణమునుండి సముద్రతీరము వెంబడి ఉత్తరముగా సాగి వంగదేశము చేరినచో, మన కంథయే అచ్చట కాంథా యను పేర కనబడును. అచ్చటి స్త్రీలును పాతచీరలనే పొరలుగా పేర్చి, ఆ చీరల అంచులనుండి లాగిన రంగుదారములతోనే కుట్టుచుండిరి. వారు ఆ సులభమైన కుట్టుతోనే బొమ్మలను తీర్చిరి. నడుమ పద్మము, నాలుగు మూలల చెట్లు, వాని మధ్య పడవలు, పల్లకులు, ఏనుగులు, తుపాకి పట్టిన సిపాయిలు. గురుసదయ్ దత్ (1882-1941) అను ఉన్నతోద్యోగి పల్లెపల్లె తిరిగి ఇట్టి కంథలను సేకరించెను. కోల్‌కతా సమీపమున ఆయన పేర వెలసిన ప్రదర్శనశాలకు చేరినవానిలో మానదాసుందరి యను స్త్రీ తన తండ్రికై స్వహస్తములతో కుట్టిన కంథ ప్రసిద్ధమైనది. ఆమె బొమ్మలతో తృప్తిపడక, తన పేరును, తాను దానిని ఎవరికై కుట్టెనో ఆ సంగతిని అక్షరములుగా కుట్టెను. అందువలననే నేటికిని ఆమె ఎవరో తెలియుచున్నది. జసీముద్దీన్ కవి 1929లో ప్రకటించిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ అను కావ్యమున నాయిక తన జీవితకథ నంతయు ఒక కంథపై కుట్టి, దానిని తన సమాధిపై పరుపుమని కోరును.

బీహారు రాష్ట్రమున ఇట్టి బొంతను సుజని యందురు. క్రొత్తగా పుట్టిన శిశువునకై పాతబట్టల ముక్కలతో దానిని కుట్టుట అచ్చటి ఆచారము. ‘చిరుగుల తల్లి’ యను దేవత ఆ చిరుగుబట్టలందు నెలకొని శిశువును రక్షించునని వారి నమ్మకము. కాలక్రమమున ఈ పని క్షీణించెను. 1988లో ముజఫర్‌పూర్ జిల్లాలోని భూసురా గ్రామమున స్త్రీలు కొందరు ఒకచోట చేరి దానికి మరల ప్రాణము పోసిరి. ‘అదితి’ యను సంస్థ వారికి తోడ్పడెను. ఆ గ్రామమునకు చెందిన నిర్మలాదేవి ఈ కృషికి ముందు నిలిచినవారిలో నొకరు. 2025లో ఆమెకు పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడెను.

భూసురా స్త్రీల పనిలో విశేషము రెండు విధములుగా నున్నది. మొదటిది కుట్టు. బొమ్మల చుట్టుగీతలను నల్లని లేక ముదురు గోధుమరంగు దారముతో గొలుసుకుట్టు వేయుదురు. మిగిలిన నేల నంతయు బట్టరంగు దారముతో సన్నని కుట్లతో నింపుదురు. రెండవది విషయము. పూలతీగలు, చిలుకలు మాత్రమే కాక, వరకట్నపు బాధలు, త్రాగుబోతు భర్త, బడికి పోవు బాలిక, వోటు వేయుటకు నిలిచిన స్త్రీల వరుస — ఇవన్నియు ఆ బట్టలపై కనబడును. ఒకరి కష్టమును పదిమంది విందురు, ఒకరు చిత్రము గీయుదురు, మిగిలినవారు కుట్టుదురు. పెదవి విప్పి సభలో చెప్పజాలని మాటను సూది చెప్పును. దానిని అమ్మగా వచ్చిన ధనము కుట్టినవారి కుటుంబములకు ఆధారమగుచున్నది.

ఈ విద్య మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున 1837లో హారియెట్ పవర్స్ అను నీగ్రో జాతి స్త్రీ బానిసగా జన్మించెను. 1865లో బానిసత్వము రద్దైన పిమ్మట ఆమె భర్తతో కలసి చిన్న సేద్యము చేసికొనుచు, బొంతలు కుట్టుచుండెను. బట్టలను మనుష్యుల, జంతువుల, నక్షత్రముల ఆకారములుగా కత్తిరించి, వేరొక బట్టపై అతికి కుట్టుట ఆమె పద్ధతి. 1886 ప్రాంతమున ఒక ప్రదర్శనమున ఆమె బైబిలు కథల బొంతను జెన్నీ స్మిత్ అను చిత్రకళోపాధ్యాయిని చూచి, ఎంత వెలయైన నిత్తునని అడిగెను. హారియెట్ అమ్మనని చెప్పెను. కొన్ని సంవత్సరములకు పేదరికము మీదపడగా ఆమెయే బొంతను తీసికొనివచ్చి 10 డాలర్లు కోరెను. కొనునామె 5 డాలర్లు మాత్రమే ఈయగలిగెను. బిడ్డను విడిచినట్లు బాధపడుచు హారియెట్ దానిని అప్పగించెను. అయితే అప్పగించుటకు ముందు ఒక్కొక్క గడిలోని కథను విడమరచి చెప్పెను. జెన్నీ స్మిత్ ఆ మాటలను వ్రాసి యుంచెను. తరువాత హారియెట్ తన బొంతను చూచుకొనుటకై పలుమారు ఆమె యింటికి వచ్చుచుండెను.

ఆమె కుట్టిన బొంతలలో రెండు మాత్రమే నేటికి మిగిలియున్నవి. ఒకటి వాషింగ్టన్ నగరపు స్మిత్సోనియన్ సంస్థలోను, మరియొకటి బోస్టన్ నగరపు ప్రదర్శనశాలలోను భద్రముగా నున్నవి. రెండవదానిలో 15 గడులు కలవు. వానిలో ఒకటి 1833 నవంబరు 13వ తేది రాత్రి ఆకాశమునుండి ఉల్కలు వర్షమువలె రాలిన దృశ్యము. ఆ ఉల్కాపాతము హారియెట్ పుట్టుటకు 4 సంవత్సరములు ముందు జరిగినది. ఆమె దానిని చూడలేదు. పెద్దలు చెప్పగా విన్నది. వినినదానిని బట్టకు అప్పగించెను. బట్టపై నున్నదానిని మరియొకరు అక్షరములలో పెట్టిరి. ఈ మూడు మెట్లును కలియుటచేతనే ఆ కథ నూరేండ్లు దాటి నిలిచినది.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున 1973లో సైన్యము ప్రభుత్వమును పడగొట్టి అధికారమును చేజిక్కించుకొనెను. వేలకొలది జనులు నిర్బంధింపబడిరి. పెక్కుమంది ఏమైనదియు తెలియకపోయెను. వారి తల్లులును, భార్యలును శాంటియాగో నగరమున క్రైస్తవ మఠాధికారుల అండతో ఒకచోట చేరి, గోనెపట్టపై రంగుబట్టల ముక్కలు కుట్టి తమ కథను చెప్పసాగిరి. మూతపడిన కర్మాగారము, ఖాళీగా నున్న కుర్చీ, ‘వా రెక్కడ?’ అను ప్రశ్న — ఇవి వాని విషయములు. కొందరు ఆ పటముల వెనుక చిన్న జేబు కుట్టి, కథను వ్రాసిన చీటిని అందులో దాచిరి. పత్రికలు చెప్పజాలని సత్యము ఆ బట్టముక్కల ద్వారా విదేశములకు చేరెను.

1987 అక్టోబరు 11వ తేదిన వాషింగ్టన్ నగరమున మరియొక బొంత పరుపబడెను. ఎయిడ్స్ వ్యాధితో మరణించినవారి ఆప్తులు వారి పేర్లతో కుట్టిన 1,920 భాగములు అందుండెను. ఒక్కొక్క భాగము 3 అడుగుల వెడల్పును, 6 అడుగుల పొడవును గలది. అనగా ఒక మనిషిని పూడ్చుటకు కావలసినంత చోటు. ఆ వ్యాధిపేరు చెప్పుటకే జనులు భయపడిన దినములలో, పోయినవారికిని పేర్లు కలవని ఆ బొంత చాటెను.

వంగదేశపు తల్లి, భూసురా గ్రామపు స్త్రీలు, బానిసగా పుట్టిన హారియెట్, చిలీ దేశపు దుఃఖితురాండ్రు — వీరు ఒకరినొకరు ఎరుగరు. అయినను వీరి మార్గ మొక్కటియే. పారవేయదగిన ముక్కలను కూర్చిరి. ఎవరును అడుగని కథను చెప్పిరి. పేరునో మాటనో దానికి జతపరచి దానిని నిలిపిరి.

తెలుగునాట నేడు బొంతలు తగ్గుచున్నవి. నూలుచీరలకు బదులు కృత్రిమ దారపు చీరలు వచ్చినవి. అవి పాతబడినను మెత్తబడవు, చెమటను పీల్చవు. మరలపై నేసిన దుప్పట్లు అంగళ్ళలో సులభముగా దొరకుచున్నవి. వస్తువు పోయిన విచారము కొంత మాత్రమే. దానితోపాటు చుట్టును కూర్చుండి చెప్పుకొను కథయు పోవుచున్నది.

విశాఖపట్టణమువంటి నగరమున కుట్టదగిన కథలకు కొదవలేదు. 1933లో నౌకాశ్రయము తెరువబడినది మొదలు పనికై వచ్చి స్థిరపడిన కుటుంబములు, 1966లో ఉక్కు కర్మాగారమునకై జరిగిన ఉద్యమము, దాని నిర్మాణమునకై ఊళ్ళు విడిచిన గ్రామస్థులు, వలలు మోయు జాలరి స్త్రీలు — ఇవి యన్నియు బొంతపై గడులు కాదగినవే. 2014 అక్టోబరు 12వ తేదిన హుద్‌హుద్ తుపాను ఆ నగరముపై విరుచుకుపడి చెట్లను కూల్చి, దినములకొలది దీపములు లేకుండ చేసెను. నేటి ఎనిమిదవ తరగతి బాలబాలికలకు ఆ దినము జ్ఞాపకముండదు. ఉల్కలు రాలిన రాత్రిని హారియెట్ విన్నట్లు, వారును పెద్దల నోట వినవలసినదే.

అట్టి బొంత కుట్టుటకు గొప్ప సాధనము లక్కరలేదు. ఉతికిన పాతబట్టలు, సూది, దారము, నలుగురు కూర్చుండు చోటు, చెప్పువారు ఒకరు, వినువారు కొందరు ఉన్న చాలును. ముందుగా కథ వినవలెను. పిదప బొమ్మ గీయవలెను. ఆపైన ముక్కలు కత్తిరించి కుట్టవలెను. కుట్టుట ముగిసిన పిమ్మట మరువరాని పని యొకటి కలదు. బొంత మూలను కుట్టినవారి పేరును, సంవత్సరమును కుట్టి, చెప్పినవారి మాటలను ఒక కాగితముపై వ్రాసి దాచవలెను. ఇంటిలో పెట్టె అడుగున మడిచియున్న పాతబొంతకైనను ఈ మర్యాద దక్కవలసియున్నది. దానిని కుట్టిన చేతులు ఎవరివో చెప్పగలవారు ఉన్నప్పుడే అడిగి తెలిసికొనుట చదువు నేర్చిన పిల్లల విధి.