ఎక్సురే చిత్రము - దానిని చదువు వైద్యుడు

ఖరగ్‌పూరు రైల్వే పట్టణమున తెలుగువారు తరతరములుగా నివసించుచున్నారు. బెంగాలు నాగపూరు రైల్వే కాలమున పనికై వచ్చిన కుటుంబముల సంతతివారు వీరిలో పెక్కుమంది కలరు. దుమ్ము, పొగల నడుమ పనిచేయువారికి దగ్గు వచ్చినచో, ఇది కార్ఖానా దగ్గేయని ఉపేక్షించుట సులభము. కాని అది క్షయవ్యాధి యైనచో, ఉపేక్షించిన ప్రతి దినమును ఇంటిలోని పసివారికి ముప్పు తెచ్చును.

రొమ్ములోని స్థితిని బయటినుండి చూచుటకు ఎక్సురే కిరణములు తోడ్పడును. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్జెన్ పండితుడు వీనిని కనుగొనెను. ఎముకలు ఈ కిరణములను అధికముగా అడ్డగించును గనుక చిత్రమున తెల్లగను, గాలితో నిండిన ఊపిరితిత్తులు నల్లగను గోచరించును. నల్లని తావున తెల్లని మచ్చ కనబడినచో వైద్యుడు వ్యాధిని శంకించును. అయినను మచ్చ మాత్రమే క్షయకు రుజువు కాదు. న్యుమోనియా, పూర్వము మానిన వ్యాధి చిహ్నము, కాన్సరు సైతము అట్లే కనబడవచ్చును. కావున కఫపరీక్ష అవసరము.

ఇట్టి చిత్రములను చదివి నిర్ణయము చెప్పు వైద్యుడే రేడియాలజిస్టు. ఈ శాస్త్రమున ఖ్యాతి గాంచిన తెలుగువారు డాక్టరు కాకర్ల సుబ్బారావుగారు. వారు 1925లో కృష్ణాజిల్లాలోని పెదముత్తేవి గ్రామమున జన్మించిరి. విశాఖపట్టణమునందలి ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, 1951లో అమెరికాకేగి రేడియాలజీ నభ్యసించిరి. 1956లో మరలివచ్చి హైదరాబాదులోని ఉస్మానియా వైద్య కళాశాలలో బోధించిరి. ఎముకల చిత్రములు వారికి అభిమాన విషయము. 1970లో తిరిగి అమెరికాకేగిన వారు ఉత్తర అమెరికా తెలుగు సంఘమునకు ప్రథమాధ్యక్షులైరి. 1985లో స్వదేశమునకు వచ్చి నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా పనిచేసిరి. 2000లో పద్మశ్రీ పురస్కారము నందిరి. 2021లో దివంగతులైరి.

రేడియాలజిస్టులు పాటించు నియమములు కొన్ని రోగులకును తెలియదగినవి. విరిగిన ఎముకను సామాన్యముగా రెండు దిక్కులనుండి చిత్రింతురు. ఒక దిక్కున కానరాని పగులు రెండవ దిక్కున కానవచ్చును. పాత చిత్రముతో క్రొత్తదానిని పోల్చిననే మచ్చ పెరిగినదియు తరిగినదియు తెలియును. కనుక పాత చిత్రములను పారవేయరాదు. ఆసుపత్రికి వెంట తీసికొని పోవలెను.

కిరణములకు జంకి అవసరమైన పరీక్షను మానుట తగదు. రొమ్ము ఎక్సురే ఒక్కదానివలన శరీరమునకు తగులు కిరణము సుమారు 0.1 మిల్లీసీవర్టుకు మించదు. ప్రకృతివలన మనకు ఏటేట తగులునది సగటున 2.4 మిల్లీసీవర్టులు. రొమ్మునకు చేయు సీటీ స్కానువలన మాత్రము సుమారు 6 లేక 7 మిల్లీసీవర్టులు తగులును. కావున వైద్యుడు చెప్పనిదే స్కాను కోరరాదు. గర్భిణి తన స్థితిని ముందుగానే తెలుపవలెను. అల్ట్రాసౌండు, ఎమ్మారై పరీక్షలయందు ఈ కిరణములు లేవు.

దగ్గు రెండు వారములు దాటినను, సాయంకాల జ్వరము, బరువు తగ్గుట, కఫమున రక్తము కానవచ్చినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. క్షయకు ప్రభుత్వము మందులు ఉచితముగా ఇచ్చుచున్నది. సకాలమున గుర్తించి, చెప్పినన్ని నెలలు మందు విడువక వాడినచో వ్యాధి కుదురును; ఇంటిల్లిపాదియు సురక్షితముగా నుందురు.