బందరు గాలి, లేహ్ గాలి

స్నేహితులతో లడఖ్ పోతానంటావు, విమానం టికెట్ చూపిస్తావు. మంచిదేరా అబ్బాయ్, వెళ్లిరా. ఢిల్లీలో ఎక్కితే గంటన్నరలో లేహ్‌లో దిగుతావు. నా బెంగల్లా ఆ గంటన్నర గురించే.

మన బందరు, దివిసీమ గాలి గడ్డివామిలో అట్టడుగు గడ్డిలాంటిది. పైనున్న బరువంతా దానిమీదే, అందుకే ఒత్తుగా ఉంటుంది. చదరపు సెంటీమీటరుకి కిలో చొప్పున మోస్తున్నాం, పుట్టినప్పటినుంచీ అలవాటై మనకి తెలీదంతే. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఆ బరువు 650 గ్రాములే. ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే, కానీ గాలే పల్చన. గుండెలనిండా పీల్చినా ఇక్కడ అందేదాంట్లో మూడింట రెండొంతులు అందుతుంది.

ఒళ్లు వెంటనే ఊపిరి వేగం పెంచుతుంది. అక్కడే వచ్చింది చిక్కు. ఊపిరి ఎక్కువ వదిలితే కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువ పోయి రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. అది చూసి మెదడు ఊపిరికి కళ్లెం వేస్తుంది. అక్కడ తొలిరాత్రి చాలామంది నిద్రలో ఉలిక్కిపడి లేచేది అందుకే. ఆ క్షారాన్ని మూత్రంలో పంపేసి లెక్క సరిచేసేవి మూత్రపిండాలు. ఒకటి రెండు రోజులు పడుతుంది, నీ లీవు లెటర్ వాటికి అక్కర్లేదు.

కాబట్టి మొదటి రెండు రోజులు ఊళ్లోనే నెమ్మదిగా తిరుగు. 5,300 మీటర్ల పైనున్న ఖార్దుంగ్ లా కనుమ ఎక్కడికీ పోదు. ఇంకాస్త సెలవు దొరికితే శ్రీనగర్ మీదుగా రోడ్డున పో, కార్గిల్‌లో ఓ రాత్రి పడుకో, ఎత్తు మెల్లగా అలవాటవుతుంది. 2014లో మన మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కిందంటే, ముందు డార్జిలింగ్, లడఖ్ కొండల్లో శిక్షణ పొందే కదా!

కాస్త తలనొప్పి మామూలే. వాంతులై, అడుగులు తడబడి, కూర్చున్నా ఆయాసమొస్తే మాత్రం ఆలోచించొద్దు, కిందికి దిగిపోవాలి. మాత్రల సంగతి బయల్దేరేముందే డాక్టర్ని అడుగు.

గుడారంలో వండుకుంటామన్నారుగా? అక్కడ నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు ఎంతసేపు తెర్లినా పలుకే. కుక్కర్ పట్టుకెళ్లు. అదీ ఇక్కడ 120 దాకా పోయేది అక్కడ 115 దగ్గరే కూత పెడుతుంది, రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వు. గ్యాస్ డబ్బా మాత్రం విమానంలో ఎక్కనివ్వరు, అక్కడే కొనుక్కో.