ముత్తాత ఊరు పోస్టాఫీసు జాబితాలో దొరుకుతుందా?

1860 నవంబరు 16న మద్రాసు కూలీలతో ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పందం మీద డర్బన్ ఉన్న నేటాల్ వెళ్లారు. వాళ్లలో మన కోస్తా జిల్లాల వాళ్లూ ఉన్నారు. ఓడ పట్టీలో ఒక్కొక్కరికీ ఒక వరస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, చివర ఒంటిమీద గుర్తులు. ఇప్పుడు ఆ వరస నకలు పట్టుకుని మునిమనవలు ఊరు వెతుకుతున్నారు. అలా వెతికేవాళ్లు ముందుగా తెరిచే పుస్తకాల్లో పాత పోస్టాఫీసుల జాబితా ఒకటి. దాని మీద పెట్టుకునే ఆశల్లో సగం అపోహలే.

అపోహ: అందులో మా తాత పేరే ఉంటుంది.
ఉండదు. లండన్ పోస్టాఫీసు డైరెక్టరీల్లో వీధుల వారీగా మనుషుల పేర్లు వేసేవారు. అది చూసి మనకూ అలాంటిదే ఉంటుందనుకుంటారు. ఇక్కడ థాకర్స్ వంటి డైరెక్టరీలు దొరలకు, ఉద్యోగులకు, పెద్ద వర్తకులకు చోటిచ్చాయి. పాలేరు పేరు ఎవరు అచ్చేస్తారు?

అపోహ: జాబితాలో లేదంటే ఆ ఊరే లేదు.
మన చిరునామా ఒకసారి గుర్తు తెచ్చుకోండి: ఫలానా గ్రామం, ఫలానా పోస్టు, వయా ఫలానా. మూడూ వేరువేరు ఊళ్లు కావచ్చు. జాబితాలో ఉండేవి పోస్టాఫీసులు. మన పల్లె పక్క ఊరి పోస్టు కింద ఉంటే దాని పేరు అక్కడ కనిపించదు. అలాంటప్పుడు జనాభా లెక్కల గ్రామాల పట్టికలు, సర్వే ఆఫ్ ఇండియా పటాలు చూడాలి. పిన్ కోడ్ సాయం చేస్తుందనుకుంటే, అది వచ్చిందే 1972 ఆగస్టు 15న. పెద్దలది తెలంగాణ అయితే ఇంకో చిక్కు. నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది, 1950లో గాని అది మన తపాలాలో కలవలేదు. అక్కడి పల్లెను బ్రిటిష్ జాబితాలో వెతకడం చాలావరకు వృథా ప్రయాస.

అపోహ: అక్షరం అక్షరం కలిస్తేనే అది మన ఊరు.
నాకు తెలిసి ఎక్కువ మంది దారి తప్పేది ఇక్కడే. ఊరి పేరు చెప్పింది తెలుగు నోరు, రాసింది ఇంగ్లీషు అక్షరం. ఆ అక్షరాలకు త, ట ఒకటే; ద, డ ఒకటే; ల, ళ ఒకటే. కొత్తవలస అని చెబితే కాగితం మీద కోటవలస అనీ చదవొచ్చు. గుమాస్తా తెలుగువాడు కాకపోతే చెప్పనే అక్కర్లేదు. అందుకే ఆ పేరును పైకి నాలుగైదు రకాలుగా పలికి చూడండి. శ్రీకాకుళం చికాకోల్ అయినట్టు, కాకినాడ కొకనాడా అయినట్టు, ఏలూరు ఎల్లోర్ అయినట్టు, చిన్న పల్లెలకూ తిప్పలు తప్పలేదు. పేరు చివర కూడా చూడండి. వలస అని ఉంటే ముందు ఉత్తరాంధ్ర వైపు చూపు పెట్టొచ్చు. మనిషి పేరు అప్పలస్వామి అయితే మరీ మంచిది. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకునేది ఎక్కువగా ఆ చుట్టుపక్కల వాళ్లే.

అపోహ: గంజాం అని ఉంది, కాబట్టి మాది ఒడిశా.
కాగితం మీది జిల్లా ఆ ఏటి జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా టెక్కలి, ఇచ్ఛాపురం గంజాం జిల్లాలోవే. 1911కి ముందు ఉత్తర ఆర్కాటు అని ఉంటే చిత్తూరు, చంద్రగిరి వైపు కూడా చూడాలి. 1904కి ముందు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోది. ఇక మద్రాసు అని ఉంటే అది ఓడెక్కిన రేవు అయ్యుండొచ్చు, పుట్టిన ఊరు కానక్కర్లేదు. జాబితా ఏ సంవత్సరానిదో చూసి, ఆ సంవత్సరపు జిల్లా పటం పక్కన పెట్టుకోకపోతే మనిషి ఒక చోట, వెతుకులాట ఇంకో చోట.

ఇవన్నీ దాటి వచ్చాక కూడా చేతిలో ఒక్క ఊరు మిగలకపోవచ్చు. ఒకే తాలూకాలో రెండు కొత్తవలసలు, మూడు రామాపురాలు ఉండటం మామూలే. అప్పుడు పోస్టాఫీసు జాబితా పక్కన పెట్టి బస్సెక్కాల్సిందే. ఊళ్లోకి వెళ్లగానే రచ్చబండ మీద పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న, "మీ ఇంటిపేరేంటి బాబూ?" డర్బన్ నుంచి వచ్చినాయన నాయుడు అంటాడు. పెద్దాయన నవ్వి, ఇక్కడ సగం ఊరు నాయుళ్లే, ఇంటిపేరు చెప్పమంటాడు. ఓడ పట్టీలో ఎడమ మోకాలి మీద మచ్చ రాశారు గాని, ఇంటిపేరుకు గడి పెట్టలేదు.