నెల తప్పకముందే చూడాల్సిన తూకం

ప్రజల ఇంటికే వైద్యాన్ని పంపే ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం 2021 ఆగస్టు 5న తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైంది. దాని ప్రధాన గురి బీపీ, షుగరు. అత్తమామలకు మాత్రలు గుమ్మంలోకే వస్తున్నాయి, సంతోషం. అదే ఇంట్లో బిడ్డ కోసం చూస్తున్న కోడలిని తూకమెక్కించేది మాత్రం, సాధారణంగా, నెల తప్పి పేరు రాయించుకున్నాకే. అప్పటికి ఆలస్యమే. శిశువు మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన నాలుగు వారాలకే మూసుకుపోతుంది.

తమిళనాడు మహిళల్లో అధిక బరువున్నవాళ్లు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30.9 శాతం. తర్వాతి సర్వేకు, అంటే 2019-21 నాటికి, 40.4 శాతం. ఈ లెక్కకు గీత బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు సూచిక) 25. మన దేశపు వైద్యులు ఆ గీత దగ్గరే ఊబకాయం మొదలైందంటారు. అయిదడుగుల మనిషికి అది సుమారు 58 కిలోలు. అదే జిల్లా హోసూరులో ఆ బరువున్న కోడలిని చూసి ‘కాస్త ఒళ్లు చేసింది’ అని మురిసిపోయేవాళ్లే ఎక్కువ!

కొవ్వు ఊరికే పడివుండదు. అది పెరిగేకొద్దీ ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. ఆ జోరుకు అండాశయంలో పురుష హార్మోన్లు పెరిగి, అండం విడుదల కావడం తప్పుతుంది. నెలసరి గాడి తప్పేది అందుకే. అండాశయాల్లో నీటితిత్తుల సమస్య (పీసీఓఎస్) ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ. ఎలాగో గర్భం నిలిచినా బీపీ, షుగరు, సిజేరియన్ల ముప్పు వెంటే ఉంటుంది. ఆ షుగరును పట్టేందుకు గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజు తాగించి, రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర 140కి చేరిందా అని చూసే సులువైన పరీక్షను ప్రచారంలోకి తెచ్చింది చెన్నై వైద్యుడు వి. శేషయ్య.

చాలామందికి అయిదు నుంచి పది శాతం బరువు తగ్గితే చాలు, అండం విడుదల మళ్లీ దారిలో పడుతుంది. 65 కిలోల మనిషికి అది సుమారు మూడు నుంచి ఆరున్నర కిలోలు, అంతే. రాగి సంగటి మంచిదే, కానీ రాగి కదా అని రెండు ముద్దలు లాగిస్తే లాభం లేదు. ముద్ద చిన్నదై పప్పు, ఆకుకూర, గుడ్డు పెరగాలి. ఫ్యాక్టరీ షిఫ్టుల్లో నిద్ర చెడితే ఆకలీ అదుపు తప్పుతుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. భర్త అధిక బరువు కూడా వీర్యకణాలను దెబ్బతీస్తుంది గనుక ఆయనా తూకమెక్కాలి.

బరువు తగ్గించే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు వాడుతుంటే గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. బరువు తగ్గే ఆపరేషన్ అయితే ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగమంటారు. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కనీసం నెల ముందే మొదలుకావాలి, ఊబకాయం ఉంటే ఆ మోతాదు పెంచాలా అన్నది డాక్టరు తేలుస్తారు.